తవిటయ్య మొక్కు, పైడమ్మ కోడి

ఇటు తిరిగి పడుకో అమ్మడూ. ఊఁ కొడుతూ ఉండాలి మరి. ముందే చెబుతున్నా, ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను గట్టిగా అరిస్తే నిన్ను కాదు, ఆ తవిటయ్యని అని అనుకో.

అనగనగా ఒక ఊరి చివర పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి చారెడు నేల, దాని మధ్యలో చిన్న పాక. ఉగాది వెళ్ళి, వేపపూత రాలే రోజులవి. పాక మీదికి ఆనప తీగ పాకింది. వంగమొక్కలు పూత మీదున్నాయి. తోటకూర మడి లేతగా లేచి కళకళలాడుతోంది. ఇంకా ఏముంది ఆవిడకి? ఒక చుక్కల కోడిపెట్ట ఉంది. ఒక్కటంటే ఒక్కటే.

ఆ పెట్ట పాక మూల గంపలో గుడ్ల మీద కూర్చుంది. పైడమ్మ నోరు కట్టేసుకుని ఒక్క గుడ్డు కూడా కూరొండుకోలేదు. పిల్లలు పెద్దవైతే దొడ్డినిండా కోళ్ళవుతాయి, తనకీ నాలుగు వేళ్ళు నోట్లోకి పోతాయని ఆవిడ ఆశ. అప్పుడు ఒక పొద్దున గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. పసుపు ముద్దల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో! పైడమ్మ సంతోషం పట్టలేక వాటికి నూకలు చల్లి, అలాగే చూస్తూ కూర్చుంది.

కంచె అవతల తవిటయ్యగారి ఇల్లు. పెద్ద పెంకుటిల్లు. సాలనిండా పశువులు, దొడ్డినిండా కోళ్ళు. ఒకరోజు ఆయన పాడిగేదె మేతకి వెళ్ళి తిరిగి రాలేదు. పొలాల్లో వెతికాడు, కొండవార వెతికాడు, పక్క ఊరి బందెలదొడ్డిలో వెతికాడు. ఎక్కడా లేదు. అప్పుడు ఊరి తల్లి గుడికి వెళ్ళి, "తల్లీ, నా గేదె ఇంటికొస్తే నీకు కోడినిస్తాను" అని మొక్కుకున్నాడు. మర్నాడు గేదె తోక ఊపుకుంటూ దానంతటదే వచ్చేసింది.

మరి మొక్కు తీర్చాలా వద్దా? తీర్చాలి కదా. ఆ తర్వాత తవిటయ్య దొడ్లోకి వెళ్ళి ఎర్రపెట్టని పట్టుకున్నాడు. "అబ్బే, ఇది రోజూ గుడ్డు పెడుతుంది" అని వదిలేశాడు. అప్పుడు నల్లపెట్టని పట్టుకున్నాడు. "ఇది అల్లుడొస్తే కూరకి కావాలి" అని వదిలేశాడు. ఆ తర్వాత పుంజు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మో, ఇది నా ముద్దుల పుంజు" అని దాని వీపు నిమిరి వచ్చేశాడు. విన్నావా? గేదె రావాలట, మొక్కు తీరాలట, తన కోడి మాత్రం పోకూడదట! ఇకనించీ నేను వాణ్ణి ఆయన, గారు అనను. వాడే అంటాను.

అప్పుడు వాడి కన్ను కంచె ఇవతల పడింది. చుక్కల పెట్ట మడిగట్టు మీద గీరుతూ, పురుగు దొరికినప్పుడల్లా కొక్కొక్కొక్కని పిల్లల్ని పిలుస్తోంది. పైడమ్మ నీళ్ళకి వెళ్ళింది. వాడు కంచె దాటొచ్చి, పెట్టని రెక్కలు దొరకబుచ్చుకుని ఎత్తుకుపోయాడు. హవ్వ! పిల్లల తల్లిని! అవి కళ్ళు తెరిచి ఇంకా నాలుగు పొద్దులైనా చూడలేదే! వాడికేం పోయేకాలం వచ్చింది, చెప్పు?

పైడమ్మ బిందెతో వచ్చేసరికి పిల్లలు వంగమొక్కల కింద చెల్లాచెదురుగా కీచుకీచుమంటున్నాయి. పైన గద్ద తిరుగుతోంది. ఆవిడ బిందె పడేసి పిల్లలన్నిటినీ ఏరి గంపలో వేసుకుంది. అప్పుడు తవిటయ్య వాకిట్లోంచి తన పెట్ట అరుపు వినపడింది. గంప చంకన పెట్టుకుని పరిగెత్తింది.

"ఏం మావా, నా పెట్ట కాళ్ళు కట్టేశావేంటి?" అంది.

"నీ పెట్టా? రోజూ నా కళ్ళంలో గింజలు తిని బలిసింది. అందులో నాకూ వాటా ఉంది" అన్నాడు.

"పిల్లలున్నాయి మావా. తల్లి రెక్కల కింద వెచ్చగా పడుకోకపోతే తెల్లారేసరికి ఒక్కటి మిగలదు" అని ఏడ్చింది.

"పోతే మళ్ళీ పుడతాయిలే" అన్నాడు.

"నీ దొడ్లో అన్ని ఉన్నాయి కదా, నాదే కావాల్సొచ్చిందా?" అంది.

"గేదె వచ్చినందుకు తల్లికిచ్చే కోడికి అడ్డొస్తావా? కళ్ళు పోతాయి జాగ్రత్త!" అని ఉరిమాడు.

చూడు వాడి బరితెగింపు! దొంగతనం చేసిందీ వాడే, దేవత పేరు చెప్పి ఆడమనిషిని బెదిరించిందీ వాడే. వాడు కోడిని పట్టుకుని ముందు నడిచాడు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, గంప నెత్తిన పెట్టుకుని వాడి వెనకే నడిచింది. దారి పొడుగునా గంపలో పిల్లలు కీచుమంటూనే ఉన్నాయి, వాడి చేతిలో తల్లి కొట్టుకుంటూనే ఉంది.

గుడి దగ్గర జనం బాగానే ఉన్నారు. పూజారి గంగయ్య పెట్టకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. మొక్కు తీర్చే ముందు పూజారి అందరికీ వినపడేలా అడుగుతాడు.

"మొక్కు ఎవరిది? కోడి ఎవరిది?"

"మొక్కు నాది" అన్నాడు తవిటయ్య. రెండోదానికి తల్లి ముందు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నీళ్ళు నమిలాడు.

"కోడి ఎవరిదయ్యా?" అని గంగయ్య మళ్ళీ అడిగాడు.

పైడమ్మ గంప కిందికి దింపింది. "కోడి నాది బాబూ. నేను లేనప్పుడు ఎత్తుకొచ్చాడు. అయినా ఫరవాలేదు, తల్లికి నేను లేదంటానా? ఇచ్చెయ్యండి" అంది.

అందరూ నోళ్ళు తెరిచారు. నువ్వూ తెరిచావు, మూసుకో, చెబుతున్నా.

అప్పుడు పైడమ్మ చెంగు నడుముకి బిగించింది. "కోడినిస్తానంటేనే కదా తల్లి గేదెని పంపింది? ఇచ్చే కోడి నాదైతే వచ్చిన గేదె ఎవరిది? నాదే! ఇప్పుడే వెళ్ళి తోలుకుపోతాను. మావా, పలుపుతాడు ఎక్కడ పెట్టావు?" అంది.

జనం గొల్లున నవ్వారు. గంగయ్య నవ్వు ఆపుకుంటూ, "న్యాయమే. కోడి ఎవరిదో ఫలం వాళ్ళదే" అన్నాడు.

పైడమ్మ అప్పుడే తవిటయ్య ఇంటివైపు నాలుగడుగులు వేసేసింది. తల్లి కూడా అవునంటే గేదె మళ్ళీ పోతుందేమోనని వాడి భయం. "ఆగవే పైడమ్మా, ఆగు!" అంటూ పెట్ట కాళ్ళకున్న తాడు గబగబా విప్పేశాడు. పెట్ట నెత్తిన బొట్టుతోనే గంప దగ్గరికి ఉరికింది. గంపలోకి దూరి రెక్కలు విప్పింది. పిల్లలన్నీ కిందికి దూరిపోయాయి. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా ఉన్న కీచుమనడం ఠక్కున ఆగింది.

తవిటయ్యకి తల కొట్టేసినట్టయింది. అయినా ఊరుకున్నాడా? "ఒక్క కోడి కోసం ఇంత రాద్ధాంతమా?" అని గొణిగాడు.

పైడమ్మ గంప నెత్తికెత్తుకుంటూ వెనక్కి తిరిగింది. "ఒక్క కోడే కదా మావా! దొడ్డినిండా ఉన్న నీకు ఆ ఒక్కటీ ఇవ్వడానికి చెయ్యి రాలేదేం?" అంది.

వాడు తలొంచుకుని ఇంటికి వెళ్ళి, తన ముద్దుల పుంజుని తనే చంకన పెట్టుకుని గుడికి తెచ్చాడు.

పెట్ట చేరె గంపకి,
గేదె చేరె సాలకి,
కథ చేరె కంచికి,
మా అమ్మడు నిద్రకి.