నోట్లో నిప్పు

అనగనగా కొండనానుకుని ఒక ఊరు. ఊఁ కొడుతుండు, లేకపోతే ఆపేస్తాను. ఆ ఊళ్ళో కాసులమ్మ అని ఒకావిడ ఉండేది. అరవై దాటిన మనిషి. పొద్దున లేస్తే అడ్డపొగ తాగేది. అడ్డపొగంటే, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని మూతి మూసుకోవడం. నాలుక కాలదా అని అడక్కు. అలవాటైన వాళ్ళకి కాలదు, నీకూ నాకూ కాలుతుంది.

ఊరి పైన పెద్ద అడవి. ఆ అడవిలో అడ్డాకు కోసి, విస్తళ్ళు కుట్టి అమ్ముకుని ఊరంతా బతికేది.

అప్పుడు పట్నం నుంచి సుభద్ర గారని ఒకావిడ వచ్చింది. చెట్లు కూడా మనలాగే ఊపిరి తీస్తాయట. ఒక గాలి పీల్చుకుని ఇంకో గాలి వదులుతాయట. ఆ వదిలిన గాలిని చూసి అడవి ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తారట. ఆవిడ అడవి మధ్యలో ఎత్తుగా మంచె కట్టించి, కాసులమ్మని కాపలా పెట్టి, చేతికి గాజు సీసాలిచ్చింది.

"పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి గాలి పట్టి మూత బిగించు. దగ్గర్లో ఎక్కడా నిప్పు ఉండకూడదు సుమా" అంది.

కాసులమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ చుట్టుపక్కల పొయ్యి రాజెయ్యనివ్వలేదు, బీడీ ముట్టించనివ్వలేదు, తేనెపట్టుకి పొగ పెట్టనివ్వలేదు. తన చుట్ట మాత్రం ఇంటి దగ్గరే వెలిగించి నోట్లో పెట్టుకుని వచ్చేది. అలాగే మంచె ఎక్కి సీసాలు పట్టేది. నిప్పు నోట్లో ఉంది గానీ అడవిలో లేదు కదా అనుకునేది.

మొదటి నెల సీసాల్లో పాడు గాలి కనబడింది. ఎక్కడో కార్చిచ్చు రేగిందని కొండంతా గాలించారు. ఏమీ లేదు. రెండో నెల సీసాలు మార్చారు. మళ్ళీ అదే గాలి. ఆ తర్వాత, మూడో నెల, పెద్ద ఆఫీసర్లు వచ్చారు. ఈ చెట్లకి ఏదో తెగులు పట్టింది, కొట్టేసి జామాయిల్ మొక్కలు వేద్దాం అన్నారు. జామాయిల్ ఆకుతో విస్తరి కుట్టలేం. ఆ పూట ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగలేదు.

అప్పుడు కాసులమ్మ చుట్ట నోట్లో ఉండగానే సుభద్ర గారిని అడిగింది. "ఏటి జబ్బు అమ్మగోరూ అడివికి?"

"అదే అర్థం కావడం లేదు. నిప్పు లేకుండా పొగ వస్తోంది" అంది ఆవిడ.

కాసులమ్మకి అప్పుడు తన నోట్లోని చుట్ట గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. నోరు విప్పితే పని పోతుంది, ఊరంతా దుమ్మెత్తి పోస్తుంది. అయినా చుట్ట బయటికి తీసి చూపించింది.

"జబ్బు అడివిది కాదమ్మగోరూ. నాది."

సుభద్ర గారు ఆవిడ చేత ఒక సీసాలోకి ఊదించింది. చూస్తే అదే గాలి. ఆ తర్వాత ఇంకొకామె పట్టిన సీసాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అడవి బతికింది. కాసులమ్మ పని పోయింది. పోదా మరి.

సీసాలు అప్పగించే రోజున కాసులమ్మ ఒక్క మాట అడిగింది. "ఇన్నేళ్ళూ నానొదిలిన పొగ ఏటైపోనాదమ్మగోరూ?"

"కొంత చెట్లు పీల్చుకుని ఉంటాయి, కొంత మట్టి పీల్చుకుని ఉంటుంది."

"అయితే నా ఎంగిలి తాగినాదా ఈ అడివి, ఒక్క మాటనకండా" అని కాసులమ్మ చెట్టు మొదట్లో కూలబడి, చాలాసేపు ఏడ్చింది.

కొండ గాలి కొండకి,
చుట్ట బూడిద కుండకి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.