హిల్డా మామ్మ పంపిన పొగబండి

అనగనగా ఇంగ్లాండులో ఒక ఊళ్ళో, గొర్రెలు మేసే కొండ కింద, ఓ బుల్లి రైలు స్టేషను. అక్కడ బండ్లు పంపే పని హిల్డా మామ్మది. అప్పటికింకా మామ్మ కాదులే, పడుచుదే. ఊఁ కొట్టవే, లేకపోతే బండి కదలదు.

ఆ దారిలో పట్టాలు ఒక్క వరసే. రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని ఓ ఇత్తడి బిళ్ళ పెట్టారు. అది చేతికొస్తేనే డ్రైవరు ముందుకి పోవాలి. హిల్డా ఆ బిళ్ళని పెద్ద రింగుకి తగిలించి ఎత్తి పట్టుకునేది. డ్రైవరు బండి ఆపకుండానే అందుకునేవాడు. ముందంతా ఎత్తు కదా, ఆగితే మళ్ళీ కదలడానికి ఆపసోపాలు. ముప్పై ఏళ్ళు చేసింది ఆ పని.

అప్పుడు ఆ దారి మూసేశారు. ఆఖరి బండి వెళ్ళిన రోజు హిల్డాకి ఒళ్ళు కాలే జ్వరం. బిళ్ళ ఇంకెవరో ఇచ్చారు. ఆ బెంగ ఆవిడకి తీరనే లేదు.

ఆ తర్వాత చాన్నాళ్ళకి ఊళ్ళోవాళ్ళంతా పూనుకున్నారు. పట్టాల మీద ముళ్ళపొదలు కొట్టేశారు. పాత ఇంజనుకి తుప్పు గీకి రంగులేశారు. బండి మళ్ళీ నడిచే రోజు మామ్మ కర్ర పొడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళింది.

"ఒక్కసారి నా చేత్తో పంపనివ్వు నాయనా" అంది.

కొత్త స్టేషన్ మాస్టరు పేరు గ్రాహం. మంచివాడే, కాస్త బడాయి. "మీకు ఎనభై ఆరేళ్ళు మామ్మగారూ. ఆ బల్ల మీద కూర్చుని చూడండి, నేను పంపుతాగా" అన్నాడు. మామ్మకి ఒళ్ళు మండింది. అయినా కూర్చుంది.

మొదటి బండి వచ్చింది. ఇంజను బుసలు కొడుతూ మీదికొచ్చేసరికి గ్రాహం గబుక్కున రింగు పట్టుకున్న చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. బండి ఆగిపోయింది. ఆ ఎత్తు ఎక్కలేక అరగంట మూలిగింది.

రెండో బండి వచ్చింది. ఈసారి చెయ్యి లాగలేదు, కళ్ళు మూసుకున్నాడు. రింగు ఎగిరి దురదగొండి పొదలో పడింది. గ్రాహం తేవడానికి వెళ్ళి గోక్కుంటూ వచ్చాడు, పాపం. నవ్వకు, నువ్వైనా అంతే.

మూడో బండి కూత వినపడింది. అప్పుడు గ్రాహం తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి రింగు మామ్మ చేతిలో పెట్టాడు. "నా వల్ల కాదు మామ్మగారూ" అన్నాడు.

మామ్మ లేచి కర్ర పక్కన పెట్టింది. ఒక కాలు వెనక్కి వేసి రింగు ఎత్తింది. డ్రైవరు వంగి అందుకున్నాడు. బండి ఆగకుండా కొండెక్కిపోయింది. మామ్మ ఏడుస్తూనే నవ్వింది.

గ్రాహం సంతోషం పట్టలేక పరుగున ఓ టికెట్టు తెచ్చాడు. "సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుని హాయిగా తిరిగిరండి మామ్మగారూ."

"నేనెక్కి కూర్చుంటే దాన్నెవరు పంపుతారు, నువ్వా?" అంది మామ్మ.

బండి కొండకి, కథ కంచికి,
నీ కళ్ళు రెండూ ఇక నిద్దరకి.