వరహాలమ్మ ఎడమ పక్క ప్రయాణం

వరహాలమ్మకి అన్యాయం జరిగింది జూలై ఎనిమిదో తేదీ, సోమవారం. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని దొరికిందని కబురొచ్చిన పూటే ఊరికున్న ఒక్క బస్సూ ఆపేశారు. గురువారం ఎనిమిదింటికల్లా గేటు దగ్గర లేకపోతే పని ఇంకొకరికట. ఫ్యాక్టరీ మూడు మైళ్ళు.

ఏడిస్తే బస్సొస్తుందా? పైగా ఆ ఇంట్లో ఏడ్చే అలవాటు లేదు, ఆలోచించే అలవాటే. "మన మూడు బుర్రలూ కలిస్తే కలెక్టరే లేచి కుర్చీ ఇస్తాడు" అని మొగుడు సింహాద్రి రోజుకోసారి అనేవాడు. మరిది గవర్రాజు తలూపేవాడు. వరహాలమ్మ నమ్మేది. నమ్మక చస్తుందా, మూడో బుర్ర ఆవిడదే!

పెళ్ళికి ముందు ఆవిడ సైకిలు తొక్కేది. ఆ మాటకి ఇరవై రెండేళ్ళు. ముగ్గురూ సింహాద్రి పాత సైకిలు దులిపి, రిపేరు షాపు ఖాసిం దగ్గరికి తీసుకెళ్ళారు.

"భయం లేదమ్మా, కాళ్ళు మర్చిపోవు" అన్నాడు ఖాసిం. "ఎక్కేముందు గాలి చూసుకో. మొదట ఎవరూ లేని చోట తొక్కు. వెనక ఒకరు పట్టుకోవాలి. రోడ్డెక్కాక ఎడమ పక్క వదలకు."

మంగళవారం గాలి చూశారు. టైరులో ఉన్న గాలి ఎలా కనిపిస్తుంది? అంతే, గవర్రాజు వాల్వు పీకాడు. బుస్సుమంది. సింహాద్రి మొహం పెట్టి చూశాడు.

"మంచి గాలే, చల్లగా ఉంది."

రెండో చక్రానిదీ చూశారు. ఇంకేముంది, సైకిలు చతికిలబడింది. ఖాసిం మళ్ళీ గాలి కొట్టాడు. ఎక్కేముందు మళ్ళీ చూడాలిగా! నాలుగోసారికి ఖాసిం పంపు ఎత్తి, "ఇంక గాలి జోలికెళితే మీ ముగ్గురికీ కొడతా" అన్నాడు.

బుధవారం ఊరవతల మైదానానికి వెళ్ళారు. మనిషన్నవాడు లేడు. వరహాలమ్మ పెడలు మీద కాలేసింది.

"ఆగు వదినా! ఎవరూ లేని చోట అన్నాడు. నువ్వున్నావుగా?"

నిజమే. ముగ్గురూ సైకిలుని ఒక్క తోపు తోసి గట్టు చాటుకి పరిగెత్తారు. సైకిలు ఒంటరిగా పది గజాలెళ్ళి బోదె కాలవలో పడింది.

"చూశావా, దానికీ మరుపొచ్చింది" అన్నాడు సింహాద్రి. "నీ ఒక్కదానికే కాదు."

గురువారం తెల్లారింది. వరహాలమ్మ సైకిలెక్కింది. గవర్రాజు క్యారియరు పట్టుకున్నాడు. పట్టుకోమన్నారు గాని నడవమనలేదుగా, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడ్డాడు. ఆవిడ తొక్కుతోంది, ఊరు వెనక్కి పోవట్లేదు.

"నీ దుంపతెగ, నడవరా!"

నడిచాడు. ఎనిమిదికి పది నిమిషాలుందనగా చేరారు. గేటేమో రోడ్డుకి కుడి పక్క!

"దిగి దాటనా మావా?"

"దాటితే ఎడమ వదిలినట్టేగా!"

అవతల గేటులోంచి మేస్త్రీ రమ్మని చెయ్యూపాడు. ఆవిడా ఊపింది, కళ్ళనీళ్ళతో. ఎనిమిదింటి సైరను కూసింది. సింహాద్రి బుర్ర గోక్కున్నాడు.

"తిరిగొచ్చేటప్పుడు గేటు ఎడమ పక్కకొస్తుంది!"

"తిరగాలంటే కుడికి రావాలిగా అన్నా?"

"రోడ్డు అయిపోయేదాకా పోదాం. రోడ్డే లేని చోట కుడేంటి, ఎడమేంటి?"

ఆ రోడ్డు అయిపోయేది సముద్రం దగ్గర. అక్కణ్ణుంచి ఇరవై మైళ్ళు.

రెండో మైలు దాటగానే గవర్రాజు చెయ్యి జారింది. అన్నదమ్ములిద్దరూ రోడ్డు పక్కన కూలబడ్డారు. ఆవిడ చూసుకోలేదు. వెనక మరిది ఉన్నాడన్న ధీమాతో కొంగు బిగించి తొక్కేసింది. ఇరవై రెండేళ్ళూ దారిలో ఎక్కడో రాలిపోయాయి. ఇసక తగిలాక దిగి, సైకిలు తిప్పుకుని, మళ్ళీ ఎక్కింది.

సాయంత్రం ఐదింటికి గేటు ముందు దిగింది.

"ఎనిమిదింటికి రమ్మంటే ఇప్పుడేంటమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"ఎనిమిదింటికే వచ్చాను బాబూ, ఆ పక్కకి. ఈ పక్కకి రావడానికే ఇంతసేపు పట్టింది."

సంగతంతా విని మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పనికోసం సముద్రం దాకా తొక్కినదాన్ని పొమ్మని ఏ నోటితో అనను? పని నీదే. రేపూ ఇలాగే వచ్చెయ్."

ఇంటికెళ్ళి, కాళ్ళీడ్చుకుంటూ అప్పటికే ఇల్లు చేరిన అన్నదమ్ములకి చెప్పింది. మూడు బుర్రలూ కలిశాయి. "ఇలాగే అన్నాడంటే ఇలాగే" అని తేల్చాడు సింహాద్రి.

అంతే. అబద్ధమనుకుంటే గేటు పుస్తకం తిరగెయ్యండి: వరహాలమ్మ, జూలై పన్నెండు, శుక్రవారం, రాక సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు, సముద్రం మీదుగా.