ఎలుగుబంటి లెక్క కన్నా ముందు పండిన పుచ్చకాయలు

అనగనగా అడవికీ ఏటికీ నడుమ ఒక పుచ్చతోట. అది సింగారమ్మ తోట. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు.

కిందటేడు అడవిలోని ఎలుగుబంటి అమావాస్య చీకట్లో వచ్చి తోటంతా మేసింది. అడ్డం వెళ్లిన ఆమె భర్త పోతయ్య కాలు చీల్చేసింది. అప్పటినుంచి అతను మంచం దిగలేదు.

ఈ ఏడు ఆమె గింజలు నాటిన నాడే ఎలుగు మళ్లీ వచ్చింది.

"ఇప్పపూలు రాలేనాటికి పుచ్చ పండుతుంది. అన్నీ నాకే! ఒక్క కాయ తెంపావో, నీ మగడికి రెండో కాలు కూడా ఉండదు."

సింగారమ్మ వణికిపోయింది. పారిపోదామంటే, పోయినచోట తినడానికి గుప్పెడు గింజలు కూడా లేవు. అయితే ఆమె నాటినవి పుట్టింటినుంచి అన్న పంపిన విత్తనాలు. నెల ముందే పండే రకం. ఆ సంగతి ఎలుగుకు తెలియదు.

తీగ సాగింది. ఎలుగు వచ్చి పూలు వాసన చూసి పోయింది. పిందె కట్టింది. ఎలుగు వచ్చి పిందెలు తడిమి పోయింది. అది వచ్చిన పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

మూడోసారి వచ్చేసరికి కాయలు పండే ఉన్నాయి. తొడిమ పక్కన నులితీగ ఎండింది. నేలకు ఆనిన వైపు, పండిన గుర్తుగా, పసుపు తిరిగింది. ఎలుగు ఒక కాయమీద పంజా వేసింది. తిప్పి చూసిందో, అంతే!

"పండిందా?" అని గుర్రుమంది.

సింగారమ్మకు భయమేసింది. అయినా బుద్ధి చెదరనివ్వలేదు.

"నేను చెప్తే నమ్ముతావా అయ్యా? నీ కళ్లతో నువ్వే చూసుకో."

కిందటేడు చీకట్లో మేసిన ఎలుగుకు పండు పైరంగు తెలియదు. కాయను చూసింది. "రేగు పండితే ఎర్రబడుతుంది. మామిడి పండితే పసుపెక్కుతుంది. ఇది ఆకుపచ్చగానే ఉంది. ఆమాత్రం నాకు తెలియదా? పచ్చికాయే!" అంటూ అడవిలోకి పోయింది.

దాని అడుగుల చప్పుడు అణిగేదాకా ఆమె కదల్లేదు. తరువాత ఏటి ఒడ్డుకు పరుగెత్తి పడవవాణ్ణి పిలిచింది. ఒక కాయ కోసి అతని చేతిలో పెట్టింది.

ఎర్రటి గుజ్జు చూసి, "అప్పుడే పండాయా అక్కా!" అని అతను నోరు తెరిచాడు.

ఆ పగలే కాయలన్నీ పడవెక్కాయి. మంచంతో సహా పోతయ్యా ఎక్కాడు. అవతలి ఊళ్లో కాయలు అమ్ముకుని, జనం మధ్య గుడిసె వేసుకున్నారు.

నెల తిరిగాక ఎలుగు ఆవురావురుమంటూ వచ్చింది. తోటలో ఎండుతీగలు తప్ప ఏమీ లేవు.

చూశారా పిల్లలూ, భయపడటం తప్పు కాదు. భయంలోనూ తెలివిని విడవనివారే గట్టెక్కుతారు.