పారాణి గిన్నె

మా గవరయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఆయన నోటినుంచి రాదు, వంటింట్లోంచి వస్తుంది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మారలేదు. "ఆ గిన్నె ఇలా పట్రా" అన్నారంటే ప్రశ్న అడిగినవాళ్ళ పని అయిపోయినట్టే. అయినా శిష్యులం ఇప్పటికీ శనివారం సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరుతూనే ఉంటాం, చీవాట్లకి మొహం వాచినట్టు.

ఒక శనివారం తాయారు వచ్చింది. మాతో చదివినదే. ఇప్పుడు అదే బళ్ళో తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతోంది. వెంట ఎనిమిదేళ్ళ శాంభవి ఉంది. ఆ పిల్ల తాయారు భర్తకి మొదటి భార్య కూతురు. కన్నతల్లి పోయి మూడేళ్ళు, తాయారు ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు. పిల్ల తనని "పిన్నీ" అనే పిలుస్తుంది.

"మాస్టారూ, మిశ్రమానికీ సంయోగ పదార్థానికీ తేడా పిల్లలకి ఎలా చెప్పాలండీ?" అని అడిగింది తాయారు.

"తేలిగ్గా విడదీయగలిగితే మిశ్రమం, లేకపోతే సంయోగం. ఇరవై ఏళ్ళ కిందటే నీకు చెప్పాను. అసలు సంగతి చెప్పు" అన్నారాయన.

పిల్ల పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి తాయారు గొంతు తగ్గించింది. శాంభవి అమ్మమ్మ రేపు వస్తోందట. కూతురు ఎలాగూ పోయింది, మనవరాలైనా కళ్ళెదుట ఉండాలని, పిల్లని ఎప్పటికీ తన దగ్గరే ఉంచమని కబురు పెట్టిందట. భర్త నీ ఇష్టమన్నాడట. "పంపనని నేనెలా అనను? ఏ హక్కుతో అనను? మేమిద్దరం బియ్యమూ పెసలూ ఒక చేటలో ఉన్నట్టున్నామో, నిజంగా ఒకటయ్యామో నాకే తెలీటం లేదండీ."

మాస్టారు గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసి కలిపారు. "కనబడదు. కాగబెడితే మళ్ళీ గిన్నె అడుగున మిగులుతుంది. ఇదీ మిశ్రమమే." తాయారు ఇంకా దిగాలు పడింది.

తర్వాత ఆయన శాంభవిని పిలిచి, గిన్నెలో పసుపూ తాంబూలం సున్నమూ వేసి, నాలుగు చుక్కల నీళ్ళతో కలపమన్నారు. పిల్ల వేలితో రుద్దింది. పసుపూ తెలుపూ మాయమై ఎర్రటి పారాణి అయింది. మా బళ్ళో సంయోగానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అదే. నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు కొట్టేశాను. తాయారు మొహం విప్పారింది. "దీన్నిక విడదీయలేం కదండీ!"

మాస్టారు అందులో నిమ్మచెక్క పిండారు. ఎరుపు విరిగిపోయి పసుపు పైకి వచ్చేసింది. "ఇన్నాళ్ళూ మీకు తప్పు చెప్పాను" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. తాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణాన నాకు ఆయన మీద నిజంగానే కోపం వచ్చింది. నలిగిపోతున్న మనిషి ముందు చేయాల్సిన ప్రయోగమా ఇది?

శాంభవికి ఈ శాస్త్రమేదీ పట్టలేదు. పారాణి పాడైందని మూతి ముడిచింది. ఎవరూ చెప్పకుండానే ఇంకాస్త సున్నం తీసి గిన్నెలో వేసింది. రంగు రాలేదు. మరికొంచెం వేసి, నాలిక బయటపెట్టి మరీ రుద్దింది. ఎరుపు మళ్ళీ తిరిగింది, మొదటికంటే చిక్కగా. అప్పుడు తాయారు ముందు చతికిలపడింది.

"పిన్నీ, కాలు చాపు."

"నాకెందుకే? నువ్వు పెట్టుకో."

"రేపు అమ్మమ్మ వస్తుందిగా. నువ్వు బోసి కాళ్ళతో కనబడితే నిన్ను నేను సరిగ్గా చూసుకోవటం లేదనుకుంటుంది."

తాయారు కాలు చాపింది. పిల్ల రెండు పాదాల చుట్టూ వంకరటింకరగా గీత దిద్ది, "ఆరేదాకా కదలకు" అని హెచ్చరించి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.

"రేపు ఆవిడకి ఏం చెప్పమంటారు మాస్టారూ?" అంది తాయారు, ఏడుస్తూనే నవ్వుతూ.

మాస్టారు గిన్నెలోకి చూశారు.

"అంతా వాడెయ్యకమ్మా. కాస్త అట్టేపెట్టు. కూతురు పోయాక ఆవిడ కాళ్ళూ బోసిగానే ఉండి ఉంటాయి."