పిల్లికి పురిటి స్నానం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పిందట. ఆవిడ చెప్పినట్టే చెబుతున్నాను. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు.

అనగా అనగా, జంతువుల మాట మనుషులకి ఇంకా అర్థమవుతున్న కాలంలో, ఏటి ఒడ్డున ఒక పేట ఉండేది. ఆ పేటలో వరహాలు సెట్టి అని ధాన్యం వర్తకుడు. ఆయన కొట్లో ఎప్పుడు చూసినా బస్తాల మీద బస్తాలే. ఆ బస్తాలకి కాపలా చుక్కి అనే పిల్లి. ఒళ్ళంతా బూడిద రంగు, నుదుటి మీద తెల్లటి చుక్క. చుక్కి తిరిగినన్నాళ్ళూ ఆ కొట్లో ఒక్క గోనెకి చిల్లు పడలేదు.

సెట్టి భార్య శేషమాంబ. ఆవిడ వాకిట్లో రాలిన ఆకు నిలిచేది కాదు. చెంబు తోమితే అందులో ముఖం కనిపించాలి, కనిపించకపోతే మళ్ళీ తోమాలి. పనిమనుషులు ఆవిడ దగ్గర ఎక్కువకాలం ఆగలేకపోయారు. కడగడమంటే శేషమ్మగారిదే కడగడమని పేటలో ఆడవాళ్ళు అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆవిడకి ఆ పూట అన్నం అక్కర్లేదు.

అరుగు మీద పంజరంలో ఒక చిలక ఉండేది. అమ్మగారి చేయి బంగారమని అది అన్నప్పుడల్లా దానికి జాంపండు ముక్క దొరికేది. అందుకని రోజంతా అదే అంటూ ఉండేది. ధాన్యం కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఆ మాట వినే వెళ్ళేవాడు.

చుక్కిని ఒక వానాకాలంలో చూరు కింద తడిసి వణుకుతూ ఉండగా తెచ్చి పాలు పట్టింది శేషమాంబే. ఆ సంగతి చుక్కి మరవలేదు. ఈ చేతి పాలు తాగి బతికాను, ఈ చేతి మీద గోరు పెట్టను అని తనలో తానే ఒట్టు పెట్టుకుంది.

ఒక పండగకి ఇంట్లో అందరికీ తలంట్లయ్యాయి. చుక్కి ఒక్కటే మిగిలింది. శేషమాంబ దాన్ని పట్టుకొచ్చి పీట మీద పెట్టింది. చుక్కి బతిమాలింది. తన నాలుకే తనకి నీళ్ళూ దువ్వెనానట. పొద్దున్నా మాపునా తాను స్నానం చేస్తూనే ఉందట. అంతగా చేయాలనిపిస్తే తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలట. శేషమాంబ నవ్వింది. ఎంగిలితో చేసేదీ ఒక స్నానమేనా అంది.

చెవుల దాకా నువ్వులనూనె పట్టించింది. నలుగు పెట్టింది. కుంకుడు రసం పోసింది. రసం కళ్ళలో పడి నిప్పులా మండినా చుక్కి గోళ్ళు లోపలికే ముడుచుకుంది. నీళ్ళు పోశాక తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, మెడకి అత్తరు రాసింది. అమ్మగారి చేయి బంగారమంది చిలక.

ఆ పూటంతా చుక్కి ఒళ్ళు నాక్కుంటూనే ఉంది. తన వాసన తనకి దొరకలేదు. నాకినకొద్దీ కుంకుడు రసం కడుపులోకి పోయింది. గడ్డివాము వెనక్కి వెళ్ళి తెల్లని నురగ కక్కుకుంది. ఎవరికీ చెప్పలేదు. ప్రేమ కొద్దీ చేసింది కదా, ఒకసారికి ఓర్చుకుందాం అనుకుంది.

ఒకసారితో పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు చుక్కిని ఒళ్ళో పెట్టుకుని, శేషమ్మా, నీ ఇంట పిల్లి కూడా గుమగుమలాడుతోందే అన్నారు. ఆ మాటతో శేషమాంబకి ఊపు వచ్చింది. మళ్ళీ పీట వేసింది. ఈసారి నీళ్ళు పోయడంతో ఊరుకోలేదు. చుక్కి మీసాలు ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి ఉన్నాయని కనిపెట్టింది. కత్తెర తెచ్చింది.

"అమ్మా, అవి అందానికి కావు," అంది చుక్కి. "చీకట్లో ఏ సందులో దూరగలనో, ఏ సందులో పట్టనో అవే చెబుతాయి. అవి పోతే నేను గుడ్డిదాన్నే."

"నా ఇంట్లో ఎగుడుదిగుడు ఉండకూడదు," అంది శేషమాంబ. రెండు వైపులా సమానంగా కత్తిరించింది.

అమ్మగారి చేయి బంగారమంది చిలక.

ఆ తర్వాత చుక్కి కొట్లోకి అడుగు పెడితే బస్తాల వెనక నవ్వులు వినిపించేవి. అత్తరు వాసన దానికంటే ముందే కొట్టంతా తిరిగి వచ్చేది. పెళ్ళికూతురు బయల్దేరింది, తోవ ఇవ్వండిరా అనేది ముసలి పందికొక్కు. ఎలుకలన్నీ తీరిగ్గా పక్కకి తప్పుకునేవి. చుక్కి ఎగిరితే బస్తాకి గుద్దుకునేది, సందులో దూరితే నడుం ఇరుక్కునేది. గోనెలకి చిల్లులు పడ్డాయి.

సెట్టి వచ్చి చూశాడు. పిల్లి తిని కూర్చోవడం మరిగిందన్నాడు. చుక్కి జరిగింది చెప్పింది. సెట్టికి అది నిజమని తెలుసు. కానీ భార్యతో అనే ధైర్యం ఆయనకి ఏనాడూ లేదు. ఆవిడతో నువ్వే సర్దుకోవాలమ్మా అని గొంతు తగ్గించి చెప్పి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మీసాలు మళ్ళీ మొలకెత్తేసరికి చుక్కి ఈనింది. కొట్టు మూల, ఖాళీ గోనెల మీద మూడు పిల్లలు. ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లి వాసన పట్టుకుని పాకుతూ వచ్చి, తడుముకుని పాలు తాగేవి. ఆ మూడింటినీ నాకి నాకి చుక్కి తన వాసన వాటికి పూసింది. అంత సుఖం అది అంతకుముందు ఎరగదు.

శేషమాంబకి మాత్రం వేరే బెంగ పట్టుకుంది. ఇంట్లో వ్రతం ఉంది. పేటలో ఆడవాళ్ళంతా వస్తారు. ఇంట్లో ఈనిన పిల్లి ఉంది. మరి పురుడు వచ్చినట్టే కదా, మైల ఇల్లంతా తగిలినట్టే కదా. మనుషులకి తప్పని పురిటి స్నానం నా ఇంట్లో పిల్లికి మాత్రం తప్పుతుందా అనుకుంది. పెరట్లో నీళ్ళు కాచింది. నీళ్ళలో పసుపు కలిపింది. కుంకుడు రసం పిసికింది. చిలక పంజరాన్ని కూడా శుద్ధి చేద్దామని పెరట్లోకి తెచ్చి కొమ్మకి తగిలించింది.

ముందు చుక్కికి పోసింది. చుక్కి పోయించుకుని ఒళ్ళు దులుపుకుంటూ ఉండగా శేషమాంబ కొట్లోకి వెళ్ళి, పిల్లల్ని బుట్టలో వేసి తెచ్చింది.

చుక్కి వచ్చి ఆవిడ పాదాల మీద పడింది. "అమ్మా, నన్ను ఎన్నిసార్లైనా ముంచు. నా మీసాలు తీసుకో, నా తోక తీసుకో. వాటిని ముట్టుకోకు. వాటి ఒంట్లో వేడి నేను ఇస్తేనే ఉంటుంది. నీళ్ళు పోస్తే నిలవవు."

"గోరువెచ్చని నీళ్ళేలేవే," అంది శేషమాంబ. "మా పిల్లలందరికీ నేనే పోశాను. నాకు నువ్వు నేర్పుతావా?"

ఒక పిల్లని అరచేతిలో పెట్టుకుని రసం రాసి, నీళ్ళు పోసి, పొగ పట్టింది. పిల్ల ఒకసారి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. పీట మీద పడుకోబెట్టి రెండో దాని కోసం బుట్టలో చేయి పెట్టింది.

చుక్కి పీట మీద పిల్లని చూసింది. అది కదలడం లేదు. చుక్కి తన ఒట్టు మరిచిపోలేదు, తెలిసే తప్పింది. ముడుచుకున్న గోళ్ళు చాపి ఆవిడ మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క గీత గీసింది. ఆవిడ చేయి వెనక్కి తీసుకునేలోగా ఒక పిల్లని మెడ దగ్గర కరుచుకుని గోడ దూకింది. మళ్ళీ వచ్చి ఇంకొకదాన్ని తీసుకెళ్ళింది. మూడోసారి వచ్చి, పీట మీద చల్లబడిన పిల్లని నోట కరుచుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. ఏటి ఇసుకలో గుంట తవ్వి దాన్ని కప్పిపెట్టింది.

శేషమాంబ చేతికి పసుపు అద్దుకుంటూ కూర్చుంది. ఖాళీ పీటకేసి చూసింది. చిలకకేసి చూసింది. చిలక అంతా చూసింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"ఆకలికి పిల్లులు తమ పిల్లల్ని తామే తింటాయంటారు కదూ," అంది ఆవిడ మెల్లగా.

చిలకకి అర్థమైంది. ఆ పూట దానికి జాంపండు ముక్కగా కాదు, మొత్తంగా దొరికింది.

వ్రతానికి వచ్చిన ఆడవాళ్ళు ఆవిడ చేతి గీత చూసి అయ్యో అన్నారు. అరుగు మీద నుంచి చిలక కథ చెప్పింది. పాలు పోసి పెంచిన చేతిని పిల్లి గీరిందట. సొంత పిల్లని నోట కరుచుకుపోయి తినేసిందట. కరుచుకుపోవడం పక్క డాబా మీదివాళ్ళు కళ్ళారా చూశారు కూడా. ఇక కావలసిందేముంది. వాళ్ళు తమ ఇళ్ళలో చెప్పారు. ధాన్యం కొనేవాళ్ళు పై ఊళ్ళకి మోసుకెళ్ళారు.

చుక్కి పిల్లల్ని పేట చివర కుమ్మరి ఆవం దగ్గరికి చేర్చింది. కుండలు కాల్చి తీసేసిన చోట బూడిద ఇంకా వెచ్చగా ఉంది. కుమ్మరి పైడమ్మ చూసి, ఏటే, పురిటికి నా ఇల్లే దొరికిందా నీకు, అని కసిరి, మూకుడులో ఇంత గంజి పోసి తన పనిలో పడింది. తర్వాత్తర్వాత చుక్కే వెళ్ళి ఆవిడ కాలి దగ్గర వెల్లకిలా పడుకునేది. అప్పుడు ఆవిడ కొబ్బరి పీచుతో నాలుగు దువ్వులు దువ్వేది. చుక్కి లేచిందంటే పీచు పక్కన పడేసేది.

సెట్టి కొట్లో పందికొక్కులు గాదె అడుగు తవ్వాయి. కొత్త పిల్లిని తెచ్చారు. శేషమాంబ దానికి నీళ్ళు కాచేసరికి అది పారిపోయింది. చివరికి సెట్టి తానే ఆవం దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు మునిగిపోతోంది, రమ్మన్నాడు. పాలు, మీగడ, పడుకోవడానికి పట్టు పరుపు, ఏది అడిగినా ఇస్తానన్నాడు.

"నాకు అవేమీ వద్దు సెట్టిగారూ," అంది చుక్కి. "చేయి గీరింది నేనే. ఎవరు అడిగినా ఒప్పుకుంటాను. పిల్లని నేను తినలేదు. అది ఎలా పోయిందో అమ్మగారిని మీ అరుగు మీద నిలబడి, చిలక మాట విన్నవాళ్ళందరి ముందూ చెప్పమనండి. ఆ పూటే కొట్లోకి వస్తాను."

సెట్టి ఇంటికి వెళ్ళి జీవితంలో మొదటిసారి భార్యకి ఎదురుగా నిలబడి మాట్లాడాడు. ఒక్క మాటే కదా, చెప్పెయ్ అన్నాడు. శేషమాంబ చెంబు తోముతోంది. తోమడం ఆపలేదు.

"ఈ చేతుల శుభ్రం గురించి పేటంతా చెప్పుకుంటుంది. ఈ చేతులతో ప్రాణం తీశానని నా నోటితో నేను చెప్పాలా? కొట్టు పోతే పోనివ్వండి."

కొట్టు పోయింది. గాదె కూలింది. బస్తాల్లో పొట్టు తప్ప గింజ మిగల్లేదు. సెట్టి కొట్టు మూసి, భార్యని తీసుకుని ఆవిడ పుట్టింటికి చేరాడు. చిలకని ఎవరో పై ఊరి వర్తకుడు ముచ్చటపడి తీసుకెళ్ళాడు. అక్కడి అరుగు మీద అది అదే కథ చెప్పింది. శేషమాంబ ఆ పుట్టింట్లో బతికినన్నాళ్ళూ తోమిన చెంబే తోముతూ ఉండేదట. ఎవరూ ఆవిడ కడగడాన్ని మెచ్చుకోలేదు.

చుక్కి పిల్లలు రెండూ ఆవం దగ్గర పెరిగి పెద్దవయ్యాయి. మీసాలు నిండుగా, వేటలో తల్లిని మించి. పొట్టకి ఏ లోటూ లేదు. కానీ చుక్కి వీధిలోకి వెళితే పేటలో చిన్నపిల్లలు రాళ్ళు పట్టుకుని, పిల్లని తిన్న పిల్లి అని వెంటపడేవారు. వాళ్ళని అంటే ఏం లాభం. వాళ్ళకి చెప్పింది వాళ్ళ తల్లులు. ఆ తల్లులకి చెప్పింది చిలక. చుక్కి ఆగి ఒకసారి చూసి, తన దారిన తాను పోయేది. చచ్చేదాకా ఏటి ఇసుకలో ఆ చోటు మీద ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు.

నీతి ఏమిటంటే, వద్దన్నవాళ్ళకి బలవంతాన చేసిన మేలు మేలు కాదు, చేసిన తప్పు ఒప్పుకోని చేయి ఎన్ని నీళ్ళు పోసినా శుభ్రపడదు.

ఇప్పటికీ జనం పిల్లికి విశ్వాసం లేదంటారు, తన పిల్లని తనే తింటుందంటారు. ఇది చదివినవాళ్ళలో అక్షరం బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే నాదొక్కటే మనవి. ఆ మాట రాసి ఉన్న చోటల్లా కొట్టేయండి. ఒక పిల్లని శేషమాంబ చంపింది, రెండు పిల్లల్ని చుక్కి బతికించింది అని దాని పక్కన రాయండి.