రెండు కొసల రంపం

“మంగాయమ్మా, నువ్వేనా మధ్యవర్తివి?” అని నవ్వాడు దివాను. “గంజి అమ్ముకునేదానివి, నువ్వేం తేలుస్తావు? పొద్దుగూకేలోగా ఈ అన్నదమ్ముల పంపకం తెగకపోతే వీళ్ళు కలప అమ్మే కర్రల దొడ్డి జమీందారుగారి కోటకు జప్తు.”

“ఒక్క కోత కానివ్వండి బాబూ,” అంది మంగాయమ్మ. గవరయ్య, చిట్టెయ్యల వైపు తిరిగింది. “వాటాలు కావాలంటే ముందు ఈ టేకు దుంగను చెరిసగం కోయండి. పరాయి చెయ్యి పడకూడదు.”

రంపానికి చెరో కొస పట్టుకుని ఇద్దరూ ఒకేసారి లాగారు. రంపం బిగుసుకుపోయింది.

“ఒకరు లాగితే ఒకరు వదలాలి. మీ నాన్న నేర్పలేదట్రా?” అంది మంగాయమ్మ.

చిట్టెయ్య పట్టు సడలించాడు. రంపం కదిలింది. ఎదురెదురుగా నిలబడ్డాక మొహాలు చూసుకోక తప్పలేదు. పొట్టు పుప్పొడిలా రాలుతుంటే వాళ్ళ నాన్న నాటి ఆ పాత లయ మంగాయమ్మకు పాటలా వినిపించింది. సగం కోతలో గవరయ్య చేతులు ఆగిపోయాయి.

దివాను లేవబోయాడు.

“కూర్చోండి బాబూ, కోత ఇంకా పూర్తి కాలేదు.”

“తమ్ముడూ,” అన్నాడు గవరయ్య, “నువ్వు చాటుగా కర్ర అమ్ముకుంటున్నావని దివానుగారు చెబితే నమ్మేశాన్రా.”

చిట్టెయ్య రంపం వదల్లేదు. “నీ గురించి నాకూ అదే చెప్పారన్నా. నేనూ నమ్మాను.”